సత్తెమ్మ బొమ్మ చుట్టూ జాజు గీత

సత్తెమ్మ ఇంట్లోని బొమ్మ నకిలీదని తేల్చారన్న వార్త నాకు మొదట తెచ్చింది ఆమె కూతురు అనసూయ. మల్కాజ్‌గిరిలో బ్లౌజులు కుడుతుంది. ఆ మధ్యాహ్నం నేను నమాజు ముగించి జానిమాజ్ చాప మడుస్తుంటే, రాంగోపాల్‌పేట్‌లోని మా మేడమెట్లు ఎక్కి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీయడం మరిచిపోయి బస్సెక్కిందన్నమాట.

"ఆంటీ, బొంబాయోళ్లు కాయితం పంపిండ్రు. అది వీరేశం సార్ గీసిన బొమ్మ కాదంట."

"ఎవలన్నరు?"

"మొన్నొచ్చి చూసిపోయింది కద, ఆ మేడమే. అమ్మ పొద్దట్నుంచి అన్నం ముడుతలేదు. పైసల కోసం కాదాంటీ. 'ఇరవై ఏండ్లు గా సార్ ముంగట కూసున్నది నేను కాదా? నేను అబద్ధమాడిన్నా?' అని ఒక్కటే తీర్గ అడుగుతున్నది."

కాగితం తీసుకుని చదివాను. బొంబాయి వేలం సంస్థ వాళ్లు మర్యాదగానే రాశారు. వీరేశం గారి ప్రతి చిత్రంలో మనిషి చుట్టూ సన్నటి ఎర్ర గీత ఉంటుందనీ, ఇందులో అది లేదనీ, సంతకం కూడా లేదనీ, కాబట్టి వేలానికి తీసుకోలేమనీ. సంతకం లేకపోవడానికి కారణం సులువు. ఆయన అమ్మిన బొమ్మల మీదే సంతకం చేసేవారు, ఊరికే ఇచ్చిన వాటి మీద చేసేవారు కారు. గీత ఎందుకు లేదన్న సంగతి మాత్రం ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసని అప్పుడు అనుకున్నాను.

ఆ గీతను పూడ్చింది నేనే.

పాత చిత్రాలు బాగుచేయడం నా వృత్తి. ఇప్పుడు మానేశాను, చూపు సహకరించడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు వచ్చి, ఏ ద్రావకం వాడాలి, ఏ జిగురు మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ ఇప్పుడు వాళ్ల కాలేజీల్లో నాకంటే బాగా చెబుతున్నారు. నేను చెప్పగలిగింది ఈ ఒక్క బొమ్మ సంగతి. దానిలోనే నా తప్పూ ఉంది, నా గురువులూ ఉన్నారు, ఇన్నేళ్లు నన్ను ఈ పనిలో నిలబెట్టిన ఆశ్చర్యమూ ఉంది.

పైన ఖాళీ గోడలు

నేను బడికి వెళ్లలేదు. ఖురాన్ అమ్మీ దగ్గర, తెలుగు అబ్బా దగ్గర నేర్చుకున్నాను. అబ్బా నల్లగొండ వైపు నుంచి వచ్చి మా ఇంటి కిందే ఫ్రేముల దుకాణం పెట్టాడు. ఫ్రేము వెనక అంటించడానికి తెచ్చిన పాత పేపర్లే నా పాఠ్యపుస్తకాలు. ప్రతి కాగితాన్నీ పైకి చదివాకే జిగురు రాయనిచ్చేవాడు. అలా ఎన్నో ఊళ్ల వార్తలు చదివి, ఎవరెవరి దేవుళ్ల వెనకో దాచేశాను.

కింద దుకాణంలో అందరి దేవుళ్లూ, అందరి తాతలూ కొలువుతీరి ఉండేవారు. పైన మా ఇంట్లో గోడలు ఖాళీ. మేము మనుషుల బొమ్మలు వేలాడదీయము. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, మరి మనం చేసే పని తప్పు కాదా అని. అబ్బా కొలబద్ద పక్కన పెట్టి ఆలోచించాడు.

"ప్రాణం పోసేటోడు ఆయనొక్కడే బేటీ. గీసినోడు గీసిండు, అది వాని లెక్క. మనం చెదలు పట్టకుండ చూస్తున్నం. అమానతు ఇది. నమ్మి మన చేతిల పెట్టిన సొత్తు. దాన్ని కరాబ్ చేస్తే తప్పు."

ఆ జవాబుతోనే నా జీవితమంతా గడిచింది. ఎవరి మతం వాళ్లది, ఎవరి మనసు వాళ్లది. నాకైతే ఆ మాట చాలింది, అల్లాకు షుక్రియా.

ఫ్రేములకు వచ్చిన బొమ్మల్లో చినిగినవీ, మసిబారినవీ ఉండేవి. వాటిని బాగుచేయడం అబ్బా ఒక పాత ముసలాయన దగ్గర నేర్చుకున్నాడు, నాకు నేర్పాడు. మసి తుడవడానికి ఉమ్మితో తడి చేసిన దూదిని మించింది లేదు. వినడానికి రోతగా ఉంటుంది గానీ నిజం. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి, గోరంత జాగా తుడవడం, దూది మార్చడం. పగలంతా తుడిస్తే ఒక చెంప తేలేది. రంజాన్ ఉపవాసాల్లో నోరు ఎండిపోతుంది కాబట్టి ఆ నెల ఫ్రేముల పని మాత్రమే పెట్టుకునేవాళ్లం. ఎప్పుడూ వచ్చేవాళ్లకు ఆ సంగతి తెలుసు. "పండుగ అయినంక తెస్తలే" అని వాళ్లే అనేవారు.

అబ్బాది ఒకే ఒక కట్టుబాటు. రంగు రాలిన చోట నేరుగా రంగు వేయకూడదు. ముందు పల్చగా వార్నిష్ పొర, దాని మీద నీటి రంగు, ఆ పైన కొంచెం మైనం. అంటే మేము వేసింది ఎప్పుడంటే అప్పుడు ఊడి వచ్చేయాలి, అసలు బొమ్మకు అంటకూడదు.

"ఎందుకబ్బా ఇంత తక్లీఫ్? డైరెక్టుగ వేస్తే గంటల అయిపోతది కద."

"మనం పెట్టింది మళ్ల రావాలె. రేపు మనకన్న తెలివైనోడు వస్తడు. వానికి తొవ్వ ఉంచాలె."

రావు గారి తళతళ

నేను జీతానికి పనిచేసిన ఒకే ఒక యజమాని ప్రభాకరరావు గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో చిత్రాల గ్యాలరీ పెట్టారు. బడి చదువు లేని ఆడపిల్లను, తల మీద కొంగు తీయనిదాన్ని, వచ్చే పోయే పెద్దమనుషుల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి "మా షాహెదా గారండీ, ఈవిడ చేతిలో పడితే బొమ్మకి మళ్లీ జన్మే" అని పరిచయం చేసేవారు. ఆ కుర్చీని నేను మరిచిపోలేదు.

కానీ ఆయనకు తొందర ఎక్కువ.

"ఏవమ్మాయ్, ఇంకా దూదులేనా? కొన్నవాడు డబ్బులు పోసేది మరకలు చూట్టానికటమ్మా? తళతళలాడిపోవాలి! రేపు సాయంత్రానికి కావాలి, ఏం చేస్తావో నాకు తెలీదు."

రేపు సాయంత్రానికి కావాలంటే అబ్బా పద్ధతి కుదరదు. నేరుగా నూనె రంగే వేయాలి. వేశాను. ఇలా రెండు రకాల చేతులు తయారయ్యాయి నాకు. ఇంట్లో ఒక చెయ్యి, గ్యాలరీలో ఒక చెయ్యి. కొన్నాళ్లకు గ్యాలరీ చెయ్యి ఇంటి పనిలోకీ దూరింది, ఏ చెయ్యి ఎక్కడ వాడానో నాకే గుర్తుండేది కాదు. కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే: రెండో చెయ్యి పెంచుకోకండి. తొందరపెట్టే యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. మంచివాడైతేనే కాదనడం కష్టం.

సిమెంటు సంచిలో వచ్చిన బొమ్మ

ఆ రోజుల్లోనే సత్తెమ్మ మా దుకాణానికి వచ్చింది. మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. గంప దించి, అందులోంచి ఖాళీ సిమెంటు సంచి తీసి, దాంట్లోంచి ఒక బొమ్మ తీసింది. ఇల్లు కురిసి, బొమ్మ మీద రాత్రంతా నీళ్లు పడ్డాయట.

అది నేను దగ్గరగా చూసిన మొదటి వీరేశం చిత్రం. ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని ఉంది. ఒక మోకాలు లేపి, దాని మీద చెయ్యి వాల్చి, పక్కన ఖాళీ గంప. ముఖం కొంచెం అవతలికి తిరిగి ఉంది. పాదాలు చాలా పెద్దవి. ఆ చెయ్యి మాత్రం... రోజంతా పనిచేసి, ఇక ఇవాళ్టికి చాలనుకున్న చెయ్యి. వేళ్లలో బరువు ఇంకా దిగలేదు. నా నోటి వెంట నాకు తెలియకుండానే "సుబ్‌హానల్లా" అని వచ్చింది. గీసినవాణ్ని కాదు, అలాంటి చేతిని పుట్టించినవాణ్ని తలచుకుని.

తర్వాత సత్తెమ్మ చెయ్యి చూశాను. అదే చెయ్యి.

"నువ్వేనా ఇది?"

"నేనే. గా డ్రాయింగ్ సార్ గీసిండు. నాకే ఇచ్చిండు. కాళ్లు గట్లెందుకు గీసిండో గని, నా కాళ్లు గంత పెద్దగున్నయా బిడ్డా?" అని చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి చూపించింది. అబ్బా నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

డబ్బులేవీ వద్దని చెప్పి బొమ్మను ఉంచుకున్నాను. వీరేశం గారు కాన్వాసుకు ముందుగా ఎర్ర జాజు పూసి, దాని మీద రంగులు వేస్తారు. మన పల్లెల్లో గోడలకూ గడపలకూ పూసే ఎర్రమట్టి జాజే. నీళ్లు పడిన ఎడమ వైపు రంగు పెచ్చులూడి ఆ ఎరుపు బయటపడింది. మచ్చలు మచ్చలుగా ఉంది. మనిషి చుట్టూ కూడా సన్నగా ఎరుపు కనబడుతోంది. అదీ రాలిపోయిందే అనుకున్నాను. ఎరుపు కనిపించిన చోటల్లా నింపాను. కుడి వైపు ఒక్క చుక్క నీళ్లు పడకపోయినా అక్కడి సన్నటి ఎరుపును కూడా నింపేశాను, పని పూర్తిగా చేయాలన్న ఉత్సాహంతో. నేపథ్యపు గోధుమ రంగు తెచ్చి మనిషి ఒంటికి అతికించినట్టు కలిపాను. ఎక్కడా అతుకు కనబడలేదు. గర్వపడ్డాను.

సత్తెమ్మ చాలాసేపు చూసింది. "మంచిగైంది బిడ్డా" అంది. మరునాడు గంపలో ఇంత తోటకూర తెచ్చి ఇచ్చి వెళ్లింది.

నింపకూడని సందు

ఏడాది తిరక్కుండా రావు గారు నన్ను వీరేశం గారింటికి పంపారు. ఆయన కాన్వాసు ఒకటి చినిగింది, అక్కడే కుట్టి రమ్మన్నారు. మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇల్లు. బడిలో డ్రాయింగ్ మాస్టరు. సెలవు రోజుల్లో బొమ్మలు. ఏడాదికి మూడో నాలుగో, అంతే. అప్పట్లో ఆయన బొమ్మ ధర కంటే దానికి కట్టే ఫ్రేము ధర ఎక్కువ. ఆ మాట ఆయనే చెప్పి నవ్వేవారు.

నేను వెళ్లేసరికి గదిలో సత్తెమ్మ నేల మీద కూర్చుని ఉంది, కదలకుండా. నన్ను చూసి కళ్లతోనే పలకరించింది. ఆమె గోళ్ల సందుల్లో ఎర్రటి మట్టి. ఇంటి గడపకు జాజు పూసుకుని వచ్చిందేమో అనుకున్నాను.

వీరేశం గారు బొమ్మ వేస్తున్నారు. అలా ఒక మనిషి పనిచేయడం నేను అంతకు ముందు చూడలేదు. ఆయన గీత గీయరు. ఒక వైపు నుంచి ఒంటి రంగు తెస్తారు, మరో వైపు నుంచి గోడ రంగు తెస్తారు, రెండూ ఇక కలుస్తాయనగా కుంచె ఆగిపోతుంది. మధ్యలో నూలుపోగంత సందు. అందులోంచి జాజు ఎర్రగా వెలుగుతుంది. చంకలో, మోచేతి వంపులో, మెడ దగ్గర, ఎక్కడా తెగకుండా మనిషి చుట్టూ తిరుగుతుంది. మనిషి లోపల నిప్పు ఉండి, అంచుల్లోంచి కనబడుతున్నట్టు ఉంటుంది. దగ్గరికి జరిగి చూశాను.

అప్పుడే ఒక అనుమానం పుట్టింది.

"సార్, ఆ సందు ఎప్పుడు నింపుతరు?"

"ఏ సందు?"

"ఎర్రగ కనవడుతున్నది కద, చుట్టూ."

ఆయన కుంచె పక్కన పెట్టి పెద్దగా నవ్వారు. "నింపుడా! అది నింపితే నా కథ ఖతమే బిడ్డా. గీసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నేను ఇడిచిపెట్టెటోన్ని."

నేను సత్తెమ్మ వైపు చూశాను. ఆమె కిటికీ బయటికి చూస్తోంది. కదలకూడదు కదా, అందుకే అనుకున్నాను.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. ఆ బొమ్మ తెప్పించి, తుడిచేసి, కాళ్లు పట్టుకుని ఉంటే నాలుగు మాటలతో పోయేది. చెప్పలేదు. ఆయన నా కుట్టు చూసి మెచ్చుకున్నారు, ఇకపై తన బొమ్మలన్నీ నాకే పంపిస్తానన్నారు. ఆ మెప్పు పోతుందేమోనని భయపడ్డాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ప్రతి రంజాన్‌కీ దువా చేసేటప్పుడు గుర్తొచ్చేది, పండుగ వెళ్లగానే మరిచిపోయేదాన్ని. అబ్బా వెళ్లిపోయాడు, రావు గారు వెళ్లిపోయారు, వీరేశం గారూ వెళ్లిపోయారు. చెప్పడానికి ఇక ఎవరూ మిగల్లేదని కూడా ఒకసారి అనుకున్నాను. సత్తెమ్మ ఉందన్న సంగతి మరిచి.

ధర

ఇప్పుడు వీరేశం గారి బొమ్మ ఒకటి అమ్మితే సైనిక్‌పురిలో ఇల్లు వస్తుందంటారు. ఎలా పెరిగిందని పిల్లలు అడుగుతారు. నాకు తెలిసినంతలో చెబుతాను. ఆయన పోయారు, ఇక కొత్త బొమ్మలు రావు. వేసినవే తక్కువ. బొంబాయిలో ఒక పెద్దాయన తన భోజనాల గదిలో ఒకటి పెట్టుకున్నాడు, అక్కడ తిన్నవాళ్లందరికీ అది కావాల్సి వచ్చింది. ఆయన మీద ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. ఆ ఎర్ర గీత పాత గుహల్లోని చిత్రాల నుంచి వచ్చిందని అందులో రాశారు.

ఇవన్నీ ధరను పెంచాయి. ఆ చేతిలోని బరువును మాత్రం ఏదీ పెంచలేదు. ఫ్రేము కంటే చవకగా ఉన్న రోజునా అది అంతే ఉంది.

ధర పెరగగానే నకిలీలు వచ్చాయి. వాటిని పట్టడానికి నన్ను పిలిచేవారు. నకిలీ గీసినవాడు ఎర్ర గీతను కుంచెతో పైన గీస్తాడు. అది తెలిసిపోతుంది. అంతకన్నా గట్టి గుర్తు ఇంకొకటి ఉంది. బొమ్మకు పక్క నుంచి టార్చి వేస్తే, రంగుల అడుగున జాజు పూతలో మూడు వేళ్ల ఆనవాళ్లు తేలతాయి. నెలవంకల్లా వంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి, కాన్వాసు నిండా. అది వీరేశం గారి చెయ్యి అని నేనే ఎన్నో కాగితాల మీద రాసి సంతకం పెట్టాను. అందరూ నమ్మారు. సత్తెమ్మ బొమ్మలో అసలు గీతే లేదు కాబట్టి ఎవరూ టార్చి దాకా పోలేదు.

తడి దూది

అనసూయ వచ్చిన రోజుకు మళ్లీ వస్తాను. సత్తెమ్మ ఆ బొమ్మ అమ్మాలనుకున్నది ఇంటికి స్లాబు వేయడానికి. ఇన్నేళ్లయినా ఆ ఇల్లు కురుస్తూనే ఉంది. ఇప్పుడు స్లాబు సంగతి పోయి, బస్తీలో ఆమె మాటే పోయింది. వీరేశం సార్ నన్నే గీసేవాడని ఆమె ఎప్పుడూ చెప్పుకునేది. ఇప్పుడు ఎదురింటి వాళ్లు, "ఏందే సత్తెమ్మా, నీ బొమ్మ డూప్లికేటంటగా, నువ్వు సుత డూప్లికేటేనా?" అంటున్నారట.

బొంబాయి మేడమ్‌కు ఫోన్ చేశాను. కావేరి అని, విశాఖపట్నం అమ్మాయే. జరిగింది దాచకుండా చెప్పాను.

"మీ మాట నమ్మాలనే ఉందండీ. కానీ ఇది రాతలో ఇస్తే, మీరు సంతకం పెట్టిన మిగతావాటి గురించి కూడా జనం అడుగుతారు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించిన. రాస్తా."

"రాస్తే సరిపోదు మేడమ్. మీరు వేసింది తీసి, కింద గీత ఉందని చూపించాలి. తీయగలరా?"

అదే నాకు తెలియదు. ఆ రోజుల్లో రెండు చేతులు కదా నాకు. ఇంటి చేత్తో చేసి ఉంటే తడి దూదికి వచ్చేస్తుంది. గ్యాలరీ చేత్తో, నూనె రంగుతో చేసి ఉంటే నలభై ఏళ్లలో రాయి అయిపోయి ఉంటుంది. తీయబోతే కింది బొమ్మ కూడా లేచివస్తుంది. ఎంత తలచుకున్నా ఏ చెయ్యో గుర్తు రాలేదు.

వారం తర్వాత కావేరి వచ్చింది. సత్తెమ్మను అనసూయ ఆటోలో తీసుకొచ్చింది. పైగదిలో కిటికీ దగ్గర బల్ల వేసి, ఉదయపు వెలుతురులో బొమ్మ పెట్టాను. ముందు రెండు రకాతుల నమాజు చదువుకున్నాను. నా పేరు నిలబెట్టమని అడగలేదు. ఆమె మాట నిలబెట్టమని అడిగాను.

"గంతసేపు ఏం మొక్కినవు బిడ్డా?" అంది సత్తెమ్మ.

"నీ గురించే అక్కా."

"అయితే అయితది తియ్. షురూ చెయ్."

మోకాలి పక్కన, గోరంత చోటు ఎంచుకున్నాను. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడిపి, ఆనించి తిప్పాను. దూది తెల్లగానే ఉంది. ఇంకో దూది. తెల్లగానే ఉంది.

అప్పుడు అబ్బా మైనం గుర్తొచ్చింది. పైన మైనం ఉంటే నీటి తడి లోపలికి దిగదు. టర్పెంటైన్ చుక్క వేసి తుడిచాను. మళ్లీ కొత్త దూది తడిపి ఆనించాను. తిప్పాను. తీసి చూస్తే దూది గోధుమ రంగు.

నా గోధుమ రంగు. నలభై ఏళ్ల కింద నేను గర్వంగా కలిపినది.

దాని కింద, నూలుపోగంత, ఎర్రగా జాజు.

నేను ఏడ్చానని అనసూయ తర్వాత చెప్పింది. నాకు తెలియదు. ఆ గీతను నింపిన రోజు అబ్బా దుకాణంలో నా పక్కనే కూర్చుని ఉన్నాడన్నది మాత్రం ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆయన చూస్తుండగా నేను రెండో చెయ్యి ఎలా వాడగలను? తొవ్వ ఉంచాలె అన్నాడు. రేపు వచ్చే ఆ తెలివైనవాళ్ల కోసం ఉంచమన్న ఆ దారి, చివరికి నేను నా తప్పు దగ్గరికి వెనక్కి రావడానికి పనికొచ్చింది.

మూడు రోజులు పట్టింది. కావేరి తన టికెట్టు మార్చుకుంది. సత్తెమ్మ మూడు రోజులూ వచ్చి కూర్చుంది. "గా దూదితోటి నాకు స్నానం చేపిస్తున్నట్టే ఉన్నది" అని నవ్వేది. "వీపు జెర గట్టిగ రుద్దు."

మూడు వేళ్లు

మూడో రోజు గీత పూర్తిగా తేలింది. మనిషి చుట్టూ, ఎక్కడా తెగకుండా. కావేరి పరదాలు మూసి పక్క నుంచి టార్చి వేసింది. రంగుల అడుగున ఆ నెలవంకలు, మూడు మూడుగా.

"ఇక అనుమానమే లేదు" అంది కావేరి. "ఇదిగో, ఆయన వేళ్లు."

సత్తెమ్మ ముందుకు వంగి చూసింది. "ఏవీ? అవా? అవి సారువి కావు, నావి."

కావేరి టార్చి దించింది.

"జాజు నేనే పూసిన. సారుకు ఎక్కడొస్తది? కుంచెతోటి పూసేటోడు, ముద్దలు ముద్దలు కడ్తుండె. ఒకనాడు చూడలేక, 'జరుగు సారూ, గోడకు గట్లనే పూస్తరా ఎవరన్న' అని బట్ట ముంచి, వేళ్లతోటి అదిమి నేనే పూసిన. గప్పట్నుంచి అన్నిటికి నేనే పూసేది."

"అన్నిటికా?" అంది కావేరి.

"నేను కూసున్నయన్నిటికి. ముందుగాల జాజు పూసి, ఎండినంక కూసునేది."

పక్కనున్న గ్లాసులో వేళ్లు ముంచి, మా బల్ల మీద ఒక్క తుడుపు తుడిచింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మడిచి. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు. మూడు తడి నెలవంకలు చెక్క మీద మెరిశాయి. కొడవలి తగిలి ఆ చివరి రెండు వేళ్లు సరిగా చాచడం రాదట.

కావేరి బల్ల వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. ఎన్నేళ్లుగానో మేమంతా వీరేశం గారి చెయ్యి అని సంతకాలు పెట్టినది ఈమె చెయ్యి.

"మరి ఆ గీత?" అని నేనే అడిగాను. "ఎందుకు ఇడిచేటోడు సార్?"

"నేనూ అడిగిన, మొదట్లనే ఒకనాడు. గింత మంచిగ పూస్తే మీదికెల్లి అంత రంగు కప్పేస్తివి, ఇగ నా పని ఏడ కనవడుతదని. ఉత్తగనే, నవ్వులాటకన్న. సారు కుంచె కింద వెట్టిండు. 'కనవడాలె సత్తెమ్మా, నీ పని కనవడాలె' అన్నడు. గా దినం సంది చుట్టూత ఇడిచిపెట్టుడు షురూ చేసిండు."

పుస్తకంలో రాసిన గుహలు నాకు గుర్తొచ్చాయి.

"అక్కా, నేను గీత పూడ్చేసినని నీకు ఎప్పుడు తెల్సింది?" అని అడిగాను.

"తెచ్చుకున్న దినమే."

"మరి చెప్పలే?"

"నువ్వు పైస తీసుకోకుండ, అంత పావురంగ, ప్రేమతోటి చేస్తివి. అది తప్పని ఎట్లంట? గా దినం సారు ఇంట్ల నువ్వు నాదిక్కు చూసినవ్ గద, నీ మొఖం చూడలేక కిటికీల చూసిన."

చివరికి మిగిలింది

నేను రాసిచ్చాను. ఎక్కడెక్కడ ఏ చేత్తో పనిచేశానో గుర్తున్నంత మేరకు అంతా రాశాను. కొందరు ఫోన్ చేసి కోప్పడ్డారు, వాళ్లది న్యాయమే. ఆ సందు సంగతి తెలియకముందే రావు గారి కోసం ఒక్క సాయంత్రంలో తళతళలాడించిన వీరేశం బొమ్మ ఒకటి ఉంది. దాని ఎర్ర గీత నా నూనె రంగు కింద ఉంది, ఇక రాదు. అది నా లెక్కలో ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చే మీకు చెప్పేది కొంచెమే. మీకు అర్థం కాని సందును నింపకండి. తాకే ముందు ధర అడగకండి, చెయ్యి వణుకుతుంది. ఆ బొమ్మలోని మనిషి బతికి ఉంటే, ముందు ఆమెను అడగండి.

సత్తెమ్మ బొమ్మ అమ్మేసింది. మీరైతే ఉంచుకునేవారేమో. "బొమ్మను చూసుకుంట కూసుంటే వాన ఆగుతదా?" అంది. స్లాబు పడింది. మొదటి వానకు నన్ను పిలిచింది. తనూ, అనసూయా, నేనూ ముగ్గురం ఆ గదిలో చాయ్ తాగుతూ పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్క పడలేదు.

వీరేశం గారి మీద నా గౌరవం తగ్గలేదు. ఒక మనిషి నవ్వులాటకు అన్న మాటను జీవితాంతం కుంచె చివర మోసిన మనిషి ఆయన. కానీ ఆ జాజు ఆమె పనేనన్న మాట ఆమెతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు. అది ఆయన లోటు, చెప్పకుండా ఉండలేను. వేలం పుస్తకంలో ఆమె పేరు వేయించాలని కావేరి చాలా ప్రయత్నించింది. చివరికి 'చిత్రంలోని స్త్రీ కుటుంబం నుంచి' అని మాత్రం వచ్చింది.

కిందటి చలికాలం సత్తెమ్మ వెళ్లిపోయింది. కురవని ఇంట్లో, కూతురి చేతుల మీద. అది జనాజా నమాజు కాదు, మా రివాజూ కాదు, అయినా నేను గడప దగ్గర నిలబడి నాకు వచ్చిన దువా చదువుకున్నాను. ఆ గడపకు జాజు పూసి ఉంది. మూడు మూడు నెలవంకలు.

మీరు ఎప్పుడైనా ఒక పెద్ద హాల్లో, చల్లటి గాజు వెనక, నేల మీద కూర్చున్న ఒక ఆడమనిషి బొమ్మ ముందు నిలబడతారు. కింద చీటీ మీద వీరేశం అని ఉంటుంది. చదవండి. తర్వాత ఆమె చుట్టూ తిరిగే ఆ ఎర్రటి సన్న పోగును ఒకసారి కళ్లతో తడమండి, పాదాల నుంచి మెడ దాకా. అప్పుడు ఎవరికీ వినబడకపోయినా పర్వాలేదు, సత్తెమ్మ అని ఒక్కసారి అనుకోండి.